అడ్వాన్సు లేని వానాకాలం

"వాడెక్కడికొస్తాడండీ? వాడు నా అడ్వాన్సులో ఉన్నాడు."

మా మేస్త్రీ ఈ మాట అన్నది నా గురించే. అప్పుడు నేను ఆ పక్కనే నిచ్చెన మీద బ్రష్షు పట్టుకుని ఉన్నాను. ఆ ఇంటాయనకి నా పని నచ్చింది. కిటికీ అంచుల దగ్గర టేపు అంటించకుండానే గీత గీసినట్టు రంగు వేస్తున్నానని ముచ్చటపడ్డాడు. వాళ్ళ తమ్ముడి ఇంటికి కూడా నన్నే పంపమనీ, కూలి కొంచెం ఎక్కువే ఇప్పిస్తాననీ మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ నవ్వుతూ ఆ జవాబిచ్చాడు. తాకట్టు కొట్లో ఉన్న బిందె సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ ముచ్చట నేనే తమాషాగా చెప్పాను. మా అమ్మ నవ్వింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నవ్వలేదు. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను? ఉన్న మాటే కదా."

"ఉన్న మాటే. అందుకే అడుగుతున్నా."

మా పనికి వానాకాలం పగ. తడి గోడ రంగు పట్టదు, పట్టినా నెల తిరక్కుండా పొక్కులు లేస్తుంది. అందుకని వానలు దిగాయంటే మాకు రెండు నెలల పైచిలుకు పని ఉండదు. సరిగ్గా అప్పుడే మేస్త్రీ పిలిచి అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ లేదు, కాగితం లేదు. వానలు వెలిశాక రోజు కూలిలో కొంత కోసుకుంటాడు, అంతే. కోత తీరేదాకా ఇంకొకరి పనికి పోకూడదు. కూలి పెంచమని నోరెత్తకూడదు. కోత తీరేసరికి మళ్ళీ ఆకాశం నల్లబడుతుంది. మా అమ్మాయి పుట్టక ముందు నుంచీ ఇదే తంతు.

"రెండు నెలలు తింటున్నాం, పది నెలలు కక్కుతున్నాం" అంది మా ఆవిడ. "ఈసారి అడ్వాన్సు వద్దు."

"మరి గాలి భోంచేద్దామా?"

"నా జీతం ఉంది."

ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. దుప్పట్లు, ఆకుపచ్చ గౌన్లు గుట్టలుగుట్టలుగా మెషీన్లలో వేయడం, తీయడం, ఇస్త్రీ చేసి మడతపెట్టడం. నెలకింత అని జీతం. ఆ ఒక్క జీతంతో నలుగురం బతకొచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఆ జీతం ఎంతో తెలుసు గానీ ఎటు పోతుందో తెలియదు. ఆ మాటకొస్తే నా కూలి ఎటు పోతుందో కూడా తెలియదు. ఇంట్లో ఇచ్చింది ఇచ్చేవాణ్ణి. మిగిలింది జేబులో ఉండేది. జేబులో ఉన్నది సాయంత్రానికి ఉండేది కాదు.

"వానలు పడేదాకా నీకు ఇంకా పనుంది కదా, ఆ కూలి ముట్టుకోకుండా పక్కన పెడదాం" అంది. "తర్వాత నువ్వు ఇంట్లోనే ఉంటావు కాబట్టి సరుకులు, కూరలు, వంట నువ్వు చూడు."

మా అమ్మ కంచం ముందు నుంచి తలెత్తింది. "నా కొడుకుతో వంట చేయిస్తావటే?"

"ఎందుకు చేయించను అత్తా? గోడకి మూడు కోటింగులు వేసేవాడు కూరలో ఉప్పు వెయ్యలేడా?"

* * *

ఏదో ఇంటి గేటుకి వేయగా మిగిలిన నల్లరంగు డబ్బా అడుగున కాస్త ఉంటే, వంటింటి తలుపు లోపలి వైపు పూశాను. ఆరాక అది బడిలో బోర్డులా తయారైంది. ఆదివారం పొద్దున నలుగురం దాని ముందు కూర్చున్నాం. మా అమ్మాయి సుద్దముక్కతో నిలబడింది.

"ముందు తప్పనివి చెప్పండి" అంది, అచ్చం టీచరమ్మలా.

అద్దె అన్నాం. రాసింది. గ్యాసు, కరెంటు, బస్సు పాసు, బడి, మా అమ్మ బీపీ మాత్రలు. ఒక్కొక్కటి తీసేస్తుంటే జీతం పాత సున్నం రాలినట్టు రాలిపోయింది. తిండి దగ్గరికి వచ్చేసరికి మిగిలింది చూసి నాకు నవ్వొచ్చింది. ఏడవలేక వచ్చే నవ్వు.

"ఇందులోంచి ఇంకొంచెం తియ్యి" అంది మా ఆవిడ.

"ఇంకా దేనికే?"

"నలుగురికీ తలా కాస్త. సమానంగా. ఎవరు దేనికి ఖర్చుపెట్టారో రెండోవాళ్ళు అడగకూడదు."

"తిండికే లేకపోతే ఇదో షోకా?"

"షోకు కాదు. ఇది లేకపోతే మూడో వారానికల్లా ఇంట్లో దొంగతనాలు మొదలవుతాయి. నువ్వు కూరగాయల్లోంచి సిగరెట్లకి నొక్కుతావు. నేను సబ్బుల్లోంచి నొక్కుతాను. అత్త నీ జేబులోంచి నొక్కుతుంది."

"ఏమ్మా, నేనెప్పుడు నొక్కాను నీ మొగుడి జేబులోంచి?" అని మా అమ్మ లేచింది.

"మొన్న మంగళవారం నానమ్మా" అంది మా అమ్మాయి, సుద్దముక్క దించకుండా.

మా అమ్మ కూర్చుంది. ఆ పద్దుకి ఏం పేరు పెట్టాలా అని మా అమ్మాయి కాసేపు ఆలోచించి 'అడగనిది' అని రాసింది. ఆ మొత్తం ఎంతంటే, నేను కాల్చే సిగరెట్లకి వారం కూడా రాదు. అయినా తలుపు మీద నా పేరున ఏదో ఒకటి ఉందని, ఎందుకో కొంచెం ధైర్యం వచ్చింది.

పాత కోత అప్పటికి తీరిపోయింది. మేస్త్రీ అడ్వాన్సులు పంచిన రోజున నేను వెళ్ళలేదు. నాతోపాటు పరంజా ఎక్కే స్నేహితుడొకడున్నాడు. ఎంత ఎత్తు గోడనైనా కరుచుకుని పాకేస్తాడని వాణ్ణి అందరం గోడబల్లి అంటాం. వాడు వెళ్ళి తెచ్చుకున్నాడు. దార్లోనే కొత్త ఫోను కొన్నాడు. ఆ ఫోనుతోనే నాకు చేశాడు.

"బావా, మేస్త్రీ నీకోసం అడిగాడు. ఒంట్లో బాలేదని చెప్పా."

"ఎందుకలా చెప్పావు? వద్దన్నాడని చెప్పకపోయావా?"

"వద్దంటే నమ్మడు బావా. జబ్బంటే నమ్ముతాడు."

* * *

వానలు దిగాయి. నేను వంటింట్లో దిగాను.

కిరాణా కొట్లో మాకు ఖాతా ఉంది. ఏం కావాలన్నా మా అమ్మాయో మా అమ్మో వెళ్ళి చిన్నచిన్న పొట్లాలు తెచ్చేవారు. నూనె ఓ చిన్న ప్యాకెట్, టీపొడి ఓ చిన్న ప్యాకెట్, షాంపూ సాషేలు. ఆ ఖాతా తీయించి చదివితే ఒక్క నెలలో టీపొడి ఎన్నిసార్లు కొన్నామో నాకే కళ్ళు తిరిగాయి. అవన్నీ కలిపి ఒక్కటే పెద్ద ప్యాకెట్ కొంటే దాదాపు మూడో వంతు మిగులుతుంది. పక్కింటివాళ్ళతో మాట్లాడి, రెండిళ్ళకీ కలిపి బియ్యం, పప్పు, నూనె హోల్‌సేల్ బజారు నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఖాతా మూసేస్తానంటే కొట్టాయన మొహం మాడ్చాడు.

"ఏం, నా మొహం మొత్తిందా?"

"నీ మొహం బానే ఉంది అన్నా. నా ఖాతాయే చూడలేకపోతున్నా."

అయినా సబ్బులు, అగ్గిపెట్టెలు ఆయన దగ్గరే కొనేవాణ్ణి, చేతిలో డబ్బు పెట్టి. చేతిలోంచి డబ్బు వెళ్తుంటే కనపడుతుంది. ఖాతాలో అయితే పోయింది కనపడదు.

కూరగాయలకి సాయంత్రం వెళ్ళేవాణ్ణి, బుట్టలు సర్దుకునే వేళకి. అక్కడ ఒక ముసలావిడ ఉండేది. టార్పాలిన్ కింద కూర్చుని వానని తిడుతూ అమ్మేది.

"బెండకాయలు ఎంతక్కా?"

చెప్పింది. నేను సగానికి అడిగాను.

"ఆ రేటుకి తొడిమలొస్తాయి, పట్టుకుపో."

ధర చెప్పాక ఆవిడ ఇంక నోరు విప్పేది కాదు. ఎటో చూస్తూ కూర్చునేది. ఆ మౌనం భరించలేక నేనే ఏదో ఒకటి అనేవాణ్ణి, అన్నానా, రేటు పెంచేసేవాణ్ణి. కొన్నాళ్ళకి కిటుకు తెలిసింది. నేనూ ధర చెప్పి, సంచి చంకన పెట్టుకుని వాన వంక చూడ్డం మొదలుపెట్టాను. ఒకరోజు ఇద్దరం అలా చాలాసేపు వాన చూశాం. చివరికి ఆవిడే, "పో, తీసుకుపో, ఈ వానలో ఇంకోడు వచ్చేలా లేడు" అని సంచిలో వేసింది.

వంట సంగతి ఇక చెప్పక్కర్లేదు. మొదటి వారం మా అమ్మ పీట వేసుకుని గుమ్మంలో కూర్చుని నా వంటకి వ్యాఖ్యానం చెప్పింది. "అది పోపు కాదురా, దహనం." రెండో వారానికి తిట్లు తగ్గాయి. పప్పు ముందే నానబెడితే, గిన్నె మీద మూత వేస్తే, గ్యాసు ఎంత కలిసొస్తుందో తెలిసింది. ఇస్త్రీ వారానికి ఒక్కసారే చేసేవాణ్ణి. మనిషి లేని గదిలో లైటు వెలిగితే మా అమ్మాయి కూడా కేకలేసేది. మంగలి ఖర్చు తప్పుతుందని జుట్టు నేనే కత్తిరించుకున్నాను. అరిగిపోయిన రోలర్‌లా ఉందంది మా అమ్మాయి.

ఆ ఊపులో ఒకరోజు హోల్‌సేల్ బజార్లో ఉల్లిపాయల బస్తా కారుచౌకగా దొరికింది. వర్షంలో తడుస్తూ నెత్తిన పెట్టుకుని వస్తుంటే దార్లో గోడబల్లి ఎదురయ్యాడు.

"ఏంటి బావా, కొట్టు పెడుతున్నావా?"

"పొదుపు చేస్తున్నాన్రా."

"బస్తాడు ఉల్లిపాయలు కొని పొదుపా? నలుగురూ ఏడవడానికైతే అరకిలో చాలు కదా!"

ఆ తేమకి వారం తిరిగేసరికి బస్తాలో సగం ఉల్లిపాయలు మొలకలేశాయి, మిగతా సగంలో సగం కుళ్ళాయి. ఇంటినిండా వాసన. "నా కొడుకు ఇంట్లోనే తోట వేశాడు" అని మా అమ్మ వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించింది. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మంచివి ఏరుతూ, "చవగ్గా కొన్నది తింటేనే చవక" అంది. అంతే, ఇంకో మాట అనలేదు. కూరగాయల పద్దులోంచి ఆ మొత్తం కొట్టేయించింది. మేం వరసగా ఉల్లిపాయ కూర, ఉల్లిపాయ పులుసు, ఉల్లిపాయతో అన్నం తిన్నాం. మా అమ్మాయి స్కూల్లో తన పక్కన ఎవరూ కూర్చోవడం లేదని నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను.

ఎలాగైతేనేం, మొదటి నెల గట్టెక్కాం. తలుపు మీద చివరి పద్దు తుడిచేసరికి కాస్త చిల్లర మిగిలింది కూడా. దాన్ని ఎక్కడ రాయాలో తెలియక మా అమ్మాయి ఒక పక్కన చిన్న గడి గీసి అందులో వేసింది.

* * *

రెండో నెల మొదట్లో ఆసుపత్రి లాండ్రీలో బాయిలర్ పాడైంది.

దాన్ని బాగు చేసేదాకా దుప్పట్లు బయట ఉతికిస్తారట. లోపలివాళ్ళకి రోజు విడిచి రోజు పని. పని చేసిన రోజుకే జీతం. మా ఆవిడ ఇంటికొచ్చి తడిసిన చెప్పులు గుమ్మం బయట వదిలి, ఆ మాట చెప్పి, తలుపు దగ్గరికి వెళ్ళింది. చెంగుతో జీతం అంకె తుడిచి, సగం చేసి రాసింది. కింద అద్దె, గ్యాసు, బడి, మాత్రలు అలాగే ఉన్నాయి. వాటిని ఎవరూ సగం చెయ్యలేరు.

"మందులు మానేస్తాలే" అంది మా అమ్మ.

"మీరు మంచం పడితే ఖర్చు ఇంకా ఎక్కువ, ఊరుకోండి అత్తా" అంది మా ఆవిడ.

నేను పక్కన పెట్టిన కూలి సరుకులకి అయిపోయింది. ఇంకేం కొట్టేయాలా అని నలుగురం తలుపుకేసి చూశాం. 'అడగనిది' అన్న పద్దు మీద నా చూపు ఆగింది. అది కొట్టేద్దామన్నాను.

"కొట్టేద్దాం" అంది మా ఆవిడ, "అన్నిటికంటే ఆఖర్న."

మర్నాడు ఆమె పని రోజు. పిల్ల బడికి వెళ్ళింది. నేను గిన్నెలు తోముతుంటే గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. మేస్త్రీ.

"ఏరా, ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉంది మేస్త్రీ. కూర్చోండి."

నా చేతికున్న గిన్నెల పొడి నురగ వంక ఆయన ఒకసారి చూశాడు. మా అమ్మని పలకరించాడు. ఆవిడ మోకాళ్ళ సంగతి అడిగాడు, మా అమ్మాయి చదువు అడిగాడు. చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. టీ తాగుతూ వంటింటి తలుపు వంక చూశాడు, వంగి చదివాడు.

"ఇదేంట్రా, సంసారాన్ని బడి చేశావు?"

"మా అమ్మాయి రాసింది."

"లాండ్రీ సంగతి విన్నాను. గోడబల్లి చెప్పాడు." జేబులోంచి ఒక కవరు తీసి స్టూలు మీద, టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ప్రతి ఏడూ ఇచ్చేదానికంటే కొంచెం ఎక్కువే ఉంది. కష్టకాలంలో మనవాళ్ళని మనమే చూసుకోవాలి. నాకు తొందరేం లేదు. వానలు వెలిశాక మెల్లగా కోసుకుంటా."

మా అమ్మ కవరు వంక చూసింది, నా వంక చూసింది. బయట చూరు నుంచి నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు.

అందులో ఎంతుందో నాకు చూచాయగా తెలుసు. రెండు నెలల అద్దె, బడి, అన్నీ ఒక్క దెబ్బకి తీరిపోతాయి. సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి తలుపంతా తుడిచేసి ఉండొచ్చు. చెయ్యి తుడుచుకుని కవరు తీసుకున్నాను. బరువుగానే ఉంది.

"వానలో తడుస్తుంది మేస్త్రీ" అని ఆయన చొక్కా లోపలి జేబులో పెట్టాను. "జాగ్రత్తగా తీసుకెళ్ళండి."

ఆయన నా మొహం చూశాడు. కోపం రాలేదు. నేనేదో లెక్క తప్పు చేస్తున్నానని జాలిపడ్డాడనుకుంటా. గొడుగు విప్పుకుని, "అడ్వాన్సు లేదంటే వానలు వెలిశాక పని కూడా లేదని అనుకోకు సుమా" అని వెళ్ళిపోయాడు. ఆ మాటకి అర్థం ఎన్ని రకాలుగానైనా తీసుకోవచ్చు. నేను ఒకే రకంగా తీసుకున్నాను, ఇంక పని లేదని.

ఆయన సందు దాటేదాకా చూసి, చొక్కా మార్చుకుని పై అంతస్తుకి వెళ్ళాను. ఇంటి ఓనరమ్మ అక్కడే ఉంటుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, అద్దె ఒకటో తారీఖు దాటితే ఒప్పుకోదు.

"అమ్మగారూ, ఈ నెల అద్దె సగమే ఉంది."

"మిగతా సగం?"

వచ్చే నెల ఇస్తానని చెబ్దామనే మెట్లెక్కాను. తీరా ఆవిడ వెనకాల లోపలి తలుపులు కనపడ్డాయి. రంగు పెచ్చులు లేచి, మధ్యలో పాత రంగు, దాని కింద ఇంకా పాత రంగు. మెట్ల రెయిలింగ్ తుప్పు పట్టింది.

"గోడలు ఇప్పుడు ముట్టుకోకూడదు, చెమ్మ ఉంది" అన్నాను. "వీధి తలుపు కూడా వద్దు, ఉబ్బి ఉంది. లోపలి తలుపులు, అలమరాలు, ఈ రెయిలింగ్ చేసి పెడతాను. ఈ వాతావరణానికి నిదానంగా ఆరతాయి, నాలుగు రోజులు వాసన ఓర్చుకోవాలి."

"ఎంత తీసుకుంటావు?"

నా జన్మలో ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. రేటు ఎప్పుడూ మేస్త్రీయే మాట్లాడేవాడు. ఏ ఇంటికి ఎంత తీసుకున్నాడో మాకు తెలిసేది కాదు. ఎన్ని రోజులు పడుతుందో మనసులో లెక్కేసుకున్నాను. రోజుకి ఎంత అయితే నా పనికి న్యాయమో అంత వేశాను. మేస్త్రీ ఇచ్చేది కాదు, ఆ కిటికీల ఇంటాయన ఇస్తానన్నంత.

"ఈ నెల మిగతా సగం, వచ్చే నెల మొత్తం" అన్నాను. "పెయింటు మీది."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "చాలా ఎక్కువ చెప్తున్నావు."

తగ్గిస్తానని నాలిక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకుని రెయిలింగ్ మీద తుప్పు వంక చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కూడా మాట్లాడలేదు. కిందనుంచి మా అమ్మ దగ్గు వినపడుతోంది. ఎంతసేపు అలా ఉన్నామో.

"లప్పం పెట్టి నున్నగా చేస్తావా, ఊరికే రంగు పూసేస్తావా?"

"లప్పం పెడతాను. ఉప్పుకాగితంతో రుద్ది, రెండు కోటింగులు."

"సోమవారం రా" అంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి అద్దె పద్దు పక్కన 'తలుపులు, అలమరాలు, రెయిలింగ్' అని రాసి ఉంది. ఆమె అది చదివి, నా వంక చూసింది. జరిగిందంతా మా అమ్మ చెప్పింది. మేస్త్రీ మాటలు, కవరు, జేబు, అన్నీ చేతులు తిప్పుతూ, కొంచెం కల్పించి కూడా చెప్పింది.

"ఎంత తెచ్చాడు?" అని అడిగింది మా ఆవిడ.

"లెక్కపెట్టలేదు."

"మంచి పని చేశావు. లెక్కపెట్టి ఉంటే కష్టమయ్యేది."

ఆ పూట నేను చేసిన కూరలో ఉప్పెక్కువైనా రెండోసారి వడ్డించుకుంది.

* * *

వానలు వెలిశాయి. మొదటి పొడి సోమవారం రంగులవాళ్ళందరం చేరే కూడలికి వెళ్ళాను. మేస్త్రీ ఒక్కొక్కడినీ పిలిచి పని చెప్తున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి నేను నా రేటు చెప్పాను.

"కొమ్ములొచ్చాయేంట్రా?"

"రేటొచ్చింది మేస్త్రీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. గోడబల్లి తల దించుకుని బ్రష్షు వెంట్రుకలు సరిచేసుకుంటున్నాడు. మేస్త్రీ మిగతావాళ్ళని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. కూడలిలో నేనూ, నా సంచీ మిగిలాం.

ఆ రోజు పని లేదు. మర్నాడూ లేదు. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఎండ కాసి, గోడలు ఆరి, ఊరంతా రంగులు వేయించుకునే వేళకి నేను వంటింట్లో పప్పు కడుగుతున్నాను. గురువారం సాయంత్రం మా ఆవిడతో అన్నాను: "తగ్గించుకుని వెళ్ళనా?"

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి, వేలితో ఒక్కో పద్దూ చూసుకుంటూ కిందికి వచ్చింది. లాండ్రీలో బాయిలర్ బాగైంది, ఆమె జీతం మళ్ళీ పూర్తిగా వస్తోంది. ఆ నెల అద్దె తలుపుల పనిలో తీరింది.

"ఇంకో పదిహేను రోజులు ఆగగలం" అంది. "ఆ తర్వాత నీ ఇష్టం."

పదిహేను రోజులు ఆగగలిగే మనిషిగా నేను అంతకుముందు ఎప్పుడూ లేను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ సంచి తగిలించుకుని బయల్దేరాను. శనివారం ఇంటి ఓనరమ్మే కిందికి దిగి వచ్చింది. ఆవిడతో బ్యాంకులో పనిచేసిన ఒకాయన వచ్చి తలుపులు చూశాడట, ఆయన ఇల్లంతా వేయించాలట. వెళ్ళి గోడలు తట్టి చూసి, కొలుచుకుని, ధర చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

ఆ పని సగంలో ఉండగా మేస్త్రీ కబురు పెట్టాడు, నేను చెప్పిన రేటుకే రమ్మని. చేతిలో పనుంది, అయ్యాక వస్తానని చెప్పాను. అయ్యాక వెళ్ళాను కూడా. ఆయన పనీ చేశాను, బయటి పనులూ చేశాను. ఎక్కడ చేసినా సాయంత్రానికి కూలి మొత్తం నా చేతికే వచ్చింది.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం గోడబల్లి వచ్చాడు. ఒక్కడే రాలేదు, పెళ్ళాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు. కోత పోగా ఆ వారం వచ్చింది జేబులోంచి తీసి చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఈ కోత వచ్చే వానలదాకా తీరదు బావా" అన్నాడు. తర్వాత మా ఆవిడ వైపు తిరిగి, "అక్కా, మీరెలా చేశారో మాకూ కాస్త చెప్పవా?" అన్నాడు. ఎప్పుడూ ఎగతాళే గానీ, వాడి నోట అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు.

మా ఆవిడ చాప పరిచింది. మా అమ్మ మంచం మీద నుంచి లేచి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఇద్దరూ కూర్చోండి" అంది మా ఆవిడ. "ముందు నెలకి ఇంట్లోకి ఎంతొస్తుందో చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

గోడబల్లి ఒక అంకె చెప్పాడు. అదే క్షణంలో వాడి పెళ్ళాం ఇంకో అంకె చెప్పింది. రెండింటికీ చాలా తేడా ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా అమ్మ పడీపడీ నవ్వింది. మా ఆవిడ నవ్వు ఆపుకుని, కొంగు దోపుకుని వాళ్ళ ముందు కూర్చుంది.

"సరే, అక్కణ్ణుంచే మొదలుపెడదాం."